పిలుపు అందని కణాలు

ఆ సాయంత్రం నీలవేణి మైక్రోస్కోపు కింద పెట్టుకున్నది ఒక చిన్న గాజుపలక. పలక మీద వెంట్రుకంత కాలువ. కాలువకి ఈ పక్క మనిషి రక్తంలోంచి తీసిన తెల్లకణాలు, ఆ పక్క చచ్చిన బ్యాక్టీరియా వాసన. వాసనంటే మన ముక్కుకి తెలిసేది కాదు, బ్యాక్టీరియా విడిచిపెట్టే ఒక రసాయనపు తునక. అది తగిలితే చాలు, తెల్లకణం ఒళ్లు సాగదీసుకుని అటు పాకుతుంది. రక్తనాళం గోడ అడ్డమొస్తే సందు చేసుకుని మరీ బయటికి దూరుతుంది. గాయం దగ్గరికి మన సైన్యం చేరేది అలాగే.

ఈ పలక మీద మాత్రం ఒక్క కణమూ కదల్లేదు. గుండ్రంగా, నిమ్మళంగా ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నలభై నిమిషాలు చూసింది.

"చచ్చాయా?" అన్నాడు వెనకనుంచి డాక్టర్ షఫీ. ఆయన నరాల వైద్యుడు. కొండ కింద ఆసుపత్రిలో పని ముగించుకుని రోజూ పైనున్న ఈ పరిశోధనాలయానికి వస్తాడు.

"లేదండీ. బతికే ఉన్నాయి. పిలుపు తలుపుదాకా వస్తోంది. లోపలికి కబురు మోసే ప్రోటీన్ ఉంటుంది కదా, దాని చేతులు కట్టేశాం."

కట్టేసింది కోరింత దగ్గు బ్యాక్టీరియా విషం. ఆ బ్యాక్టీరియా వేల ఏళ్లుగా పసిపిల్లల గొంతుల్లో చేస్తున్న పని ఇదే. తెల్లకణాలకి పిలుపు అందకుండా చేసి, తను హాయిగా కాపురం పెడుతుంది. నీలవేణి పదకొండేళ్లు కూర్చుని ఆ విషంలోంచి ఒంటికి చేటు చేసే భాగాలన్నీ ఒక్కొక్కటే కోసేసింది. కబురు ఆపే గుణం ఒక్కటే మిగిల్చింది. దానికి 'మౌని' అని పేరు పెట్టింది.

పదకొండేళ్లలో మొదటి తొమ్మిదీ అది ఆమెకి ఉద్యోగం. చివరి రెండూ అలా కాదు.

ఆమె భర్త గౌరీశ్వర్ విశాఖ ఓడరేవులో పైలట్. రేవులోకి వచ్చే ప్రతి ఓడకీ ఎదురెళ్లి, కదిలే ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన ఎక్కి, ఇరుకు కాలువలోంచి దాన్ని లోపలికి నడిపించి తెచ్చేవాడు. నలభైనాలుగో ఏట ఒక బొగ్గు ఓడ ఎక్కుతుంటే కుడికాలు చెప్పినమాట వినలేదు. కిందనున్న లాంచీ నడిపే సరంగు పోలిరాజు పట్టుకోబట్టి బతికాడు. తర్వాత కన్ను మసకేసింది, ఆ తర్వాత మాట ముద్దయింది. అతని తెల్లకణాలే మెదడులోకి దూరి, నరాల మీది పూతని కొరికేస్తున్నాయి. ఉన్న మందులన్నీ వాడారు. పద్నాలుగో నెలకి మంచంమీద అతనికి మిగిలినవి కనురెప్పలు.

మౌని ఇస్తే ఆ కణాలు మెదడులోకి పోలేవు. అంతవరకు ఎలకల్లో తేలింది. మనిషికి ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

"మీ ఆయన విషయంలో మీరు నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదు మేడమ్," అంది ప్రయోగాల కమిటీ. నీలవేణి బయట వరండాలో కూర్చుంది. షఫీ గౌరీశ్వర్ మంచం పక్కన కూర్చుని రెండు గంటలసేపు కాగితాలన్నీ చదివి వినిపించాడు.

"మీ తెల్లకణాలు మెదడులోకి వెళ్లవు సార్. నిజమే. అలాగే ఇంకెక్కడికీ వెళ్లవు. చిన్న గాయమైనా ప్రమాదమే. అర్థమైందా?"

కూతురు తరళకి అప్పుడు తొమ్మిదేళ్లు. అక్షరాల పలక మీద వేలు నడిపింది. కావాల్సిన అక్షరం దగ్గర తండ్రి రెప్ప వేసేవాడు. పావుగంట పట్టింది: 'మాట వస్తుందా?'

"రావచ్చు," అన్నాడు షఫీ.

గౌరీశ్వర్ రెప్ప గట్టిగా మూసి తెరిచాడు.

మందు మొదలుపెట్టిన తొమ్మిదో వారం ఒక మధ్యాహ్నం నీలవేణి అతని దుప్పటి మారుస్తుంటే, వెనక ఏదో గరగరమంది. తిరిగి చూసింది. అతని పెదాలు కదులుతున్నాయి.

"ఫ్యాను," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు.

"ఫ్యాను... కీచు... నూనె వెయ్యి."

పై ఫ్యాను ఎన్నాళ్లనుంచి కీచుమంటోందో ఆమెకి తెలీదు. చెప్పడానికి మాటలేక అతను అన్ని నెలలూ దాన్నే వింటూ పడుకున్నాడు. నీలవేణి ఆ దుప్పటి ముద్దనే మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది. తర్వాత కుర్చీ ఎక్కి తనే ఫ్యానుకి నూనె వేసింది.

నాలుగు నెలలకి లేచి నడిచాడు. కన్ను తేటపడింది. తరళ బడి పుస్తకాలు చదివి పెట్టేవాడు. ఊరి పత్రికలు ఫోటోలు వేశాయి. అంతా సరిపోయిందనుకున్న రోజుల్లో, ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే దవడ కింద బ్లేడు కోసుకుంది. బియ్యపుగింజంత గాటు.

మూడో రోజుకి ఒళ్లు కాలిపోయింది. దవడ నల్లబడింది. షఫీ రక్తపు చుక్కనీ, గాటులోంచి తీసిన చుక్కనీ పక్కపక్కన పెట్టి నీలవేణిని చూడమన్నాడు. రక్తంలో తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయి. పదివేలుండాల్సిన చోట ఎనభైవేలు. గాటులో బ్యాక్టీరియా తప్ప ఏమీ లేదు. వాచలేదు, చీము పట్టలేదు. పక్కనే పారుతున్న రక్తంలోంచి ఒక్క కణమైనా దిగి రాలేదు.

ముప్పై ఒక్క రోజులు మందుల మీద ఈడ్చుకొచ్చి బతికించారు. తర్వాత గౌరీశ్వర్ ఇంటికి రాలేదు. పరిశోధనాలయంలోనే ఒక గది కట్టారు. మూడు గోడలు, ఒక అద్దం. గాలి వడకట్టి లోపలికి వెళ్లేది. అన్నం ఆవిరిలో ఉడికి డబ్బాల్లో వెళ్లేది. లోపలికి వెళ్లేవాళ్లు తల నుంచి కాళ్లదాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని వెళ్లాలి.

"మరి నీ రక్తంలో అన్ని కణాలున్నాయిగా నాన్నా, అవేం చేస్తున్నట్టు?" అని తరళ అద్దం ఇవతల మైకులో అడిగింది.

"లంగరేసుకుని ఉన్నాయమ్మా. బయట సముద్రంలో ఎనభై ఓడలున్నాయనుకో. అన్నింటినిండా సరుకే. రేవులోకి రమ్మని మనం రేడియోలో పిలుస్తున్నాం. వాటి రేడియోలు మీ అమ్మ పాడుచేసింది."

"అమ్మ ఎందుకు పాడుచేసింది?"

"అందులో కొన్ని దొంగ ఓడలు. అవి వస్తే ఊరు తగలబెడతాయి. ఏది దొంగదో బయటికి తెలీదు. అందుకని అన్నింటివీ."

అలా రెండేళ్లు గడిచాయి.

పొద్దున తరళని బడిలో దింపి నీలవేణి కొండెక్కేది. ల్యాబులో పని చేసుకుంటూ గంటకోసారి అద్దం దగ్గరికి వచ్చేది. సాయంత్రం ముగ్గురూ కలిసి తినేవాళ్లు, వాళ్లిద్దరూ ఇవతల, అతను అవతల. కూర ఒకటే, కానీ అతనికి వెళ్లేసరికి అందులో రుచి చచ్చిపోయేది. రేవులోంచి హారన్ వినిపిస్తే ఏ ఓడో చెప్పేవాడు. గోడల గుండా వినిపించేది ఆ ఒక్కటే.

"నీ తల ఏ వాసనో మర్చిపోయాను వేణీ," అన్నాడొకసారి. దెప్పినట్టు కాదు, తారీఖు చెప్పినట్టు అన్నాడు. "నిన్న కూర్చుని గుర్తు తెచ్చుకుందామని చూశాను. కొబ్బరినూనె అని తెలుసు. మాటే తెలుసు, వాసన రాలేదు."

వారానికోసారి తొడుగు వేసుకుని ఆమె లోపలికి వెళ్లేది. రెండు పొరల చేతొడుగుల్లోంచి అతని చెయ్యి పట్టుకునేది. వేడి తెలిసేది, చర్మం తెలిసేది కాదు. బయటికొచ్చి తొడుగులు విప్పాక తన చేతినే ఇంకో చేత్తో కాసేపు పట్టుకుని కూర్చునేది. పదకొండేళ్లు తను చేసిన పని అంతా ఒక మనిషిని బతికించి, ఎవరికీ కాకుండా ఉంచిందని ఆమెకి అప్పుడప్పుడు అనిపించేది. ఎవరితోనూ అనలేదు.

మూడో ఏడు అక్టోబరులో తుఫాను వచ్చింది. చెట్లు పడి కొండ దారి మూసుకుపోయింది, కరెంటు పోయింది. అద్దం గదికి జనరేటర్ ఆగకుండా చూసుకున్నారు కానీ, మందు దాచిన చల్లగదిని ఎవరూ తల్చుకోలేదు. మౌని అంతా చెడిపోయింది. కొత్తది తయారవడానికి పదిహేను రోజులు పడుతుంది. అతనికి నాలుగు రోజులకోసారి సూది పడాలి.

నీలవేణి రోజూ అతని రక్తపు చుక్క గాజుపలక మీద వేసి చూసేది. రోజూ అతని చేత వేళ్లు లెక్కపెట్టించేది, గీత మీద నడిపించేది. ఏ క్షణాన మెదడు మళ్లీ మండుతుందోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉంది.

పదకొండో రోజు ఉదయం గౌరీశ్వర్ మెడ తడుముకుంటూ, "ఇక్కడేదో సలుపుతోంది, చూడు," అన్నాడు.

ఆమె అద్దానికి మొహం ఆనించింది. మెడ పక్కన ఎర్రటి పొక్కు. దాని నడినెత్తిన ఆవగింజంత పసుపుచుక్క.

"కదలకండి," అంది. "షఫీ గారూ! షఫీ గారూ, ఇటు రండి! చీము పట్టింది!"

షఫీ పరిగెత్తుకొచ్చాడు. మొగుడికి సెగ్గడ్డ లేస్తే చప్పట్లు కొట్టిన ఆడదాన్ని తను ఇంతకుముందు చూడలేదని తర్వాత చాలామందికి చెప్పాడు.

చీము అంటే చచ్చిన తెల్లకణాలు. అంటే కొన్ని పిలుపు విన్నాయి, నాళం దాటి వెళ్లాయి, పోరాడాయి. కానీ మెదడు బాగానే ఉంది. నీలవేణి రక్తం తీసి రెండు రకాల కణాల్నీ వేరుచేసి పలక మీద వేసింది. అప్పుడు తెలిసింది సంగతి. గాయాలకి పరిగెత్తే కణాలు రోజు కంటే ఎక్కువ బతకవు. ఎముకల మూలుగలో రోజూ కొత్తవి పుడుతూనే ఉంటాయి. మందు ఆగాక పుట్టినవాటికి మౌని తగల్లేదు, అవి వింటున్నాయి. మెదడుని కొరికే కణాలు వేరు జాతి. అవి నెలలూ ఏళ్లూ బతుకుతాయి. వాటి కట్లు తెగడానికి ఇంకా టైము పడుతుంది.

ఈ రెంటికీ మధ్య ఎడం ఉంది. మనిషికి గాయం మానే బలం వచ్చాక, మెదడు మండకముందు.

ఆ ఎడం ఎంతో తేల్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఎలకల్లో చూశారు, గౌరీశ్వర్ రక్తంలో చూశారు. మందు ఆపిన పదో రోజు నుంచి సుమారు తొమ్మిది రోజులు.

కమిటీ ముందు షఫీ అంతా వివరించాడు. గౌరీశ్వర్ తెరమీద కనిపించి, "తొమ్మిది రోజులు చాలండి," అన్నాడు. "నన్ను ఇంటికి పంపించండి." వాళ్లొక షరతు పెట్టారు. లోపల మంట మొదలైందనడానికి ఏ చిన్న గుర్తు కనిపించినా, వేలు తడబడినా, మాట జారినా, గంటలోగా తిరిగి గదిలోకి రావాలి, సూది పడాలి. మరి ఇంట్లో ఎవరు కనిపెట్టి చూస్తారు?

"నేను చూస్తాను," అంది నీలవేణి.

షఫీ ఒప్పుకోలేకపోయాడు. "మేడమ్, మీరు భార్య."

"ఆయన మొదటిసారి తడబడ్డప్పుడు మీరు చూశారా? నేను చూశాను. ఆ చెయ్యి ఎలా ఉంటుందో, మాట ఎలా జారుతుందో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

చివరికి కమిటీవాళ్లు ఒప్పుకున్నారు.

గది తలుపు తీసిన రోజు గౌరీశ్వర్ గడపలో ఆగిపోయాడు. గాలి తగిలింది. బయట ఎవరో గడ్డి కోస్తున్నారు. అతను కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పన్నెండేళ్ల తరళ ఇక ఆగలేక వెళ్లి నడుముకి చుట్టుకుపోయింది. ఆమె నెత్తి అతని గుండెదాకా వచ్చింది. "ఇంత పొడుగయ్యావా!" అన్నాడు. రోజూ చూస్తూనే ఉన్నాడు, అద్దంలోంచి తెలియలేదు.

కార్లో వెనకసీట్లో కూర్చుని అతను నీలవేణి తల దగ్గరికి వంగి, గట్టిగా ఊపిరి తీశాడు. ఇల్లొచ్చేదాకా అలాగే ఉన్నాడు.

ఆ రోజుల్లో వాళ్లు చేసినవేవీ గొప్ప పనులు కావు. కోనాం చేప వేయించుకుని, పెనం మీదినుంచే తీసుకుని తిన్నారు. తరళతో పేకాడి ఓడిపోయాడు, ఒప్పుకోలేదు. మేడమీద బట్టలు ఆరేశాడు. పక్కింటావిడ గోడమీంచి మామిడికాయ ముక్క ఇస్తే, కడగకుండానే కొరికాడు. నీలవేణి చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఏమీ కాలేదు.

ఆరో రోజు రేవుకి వెళ్లారు. పోలిరాజు లాంచీ దగ్గర నిలబడి ఉన్నాడు, గడ్డం నెరిసిపోయింది.

"ఏటి బాబూ, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి!" అన్నాడు. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

కాలువ చివరిదాకా తీసుకెళ్లాడు. లోపలికొస్తున్న ఒక పెద్ద ఓడ పక్కనే వెళ్తుంటే, గౌరీశ్వర్ చెయ్యి చాపి ఆ తుప్పుపట్టిన ఇనప గోడకి అరచెయ్యి ఆనించాడు. ఒడ్డుకొచ్చాక చెయ్యి కడుక్కోలేదు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. నీలవేణి అతన్ని చూడటం మానలేదు. గ్లాసు ఎత్తితే వేళ్లు చూసేది. మెట్లు దిగితే పాదం చూసేది. పక్కన పడుకుని చెయ్యి పట్టుకున్నా, ఆ పట్టులో బలం ఎంతుందో తెలియకుండానే తూచేది.

"వేణీ," అన్నాడతను ఒక మధ్యాహ్నం, "నా చెయ్యి పట్టుకున్నావా, పరీక్షిస్తున్నావా?"

"రెండూ," అంది ఆమె. అబద్ధం చెప్పలేకపోయింది.

"మొదటిది ఒక్కటే ఎప్పుడన్నా కుదురుతుందేమో చూడు." నవ్వుతూనే అన్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున తరళ బడికి తయారవుతోంది. తండ్రి జడ వేస్తానన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి నీలవేణి చూస్తోంది. మూడు పాయలు తీశాడు. అల్లడం మొదలుపెట్టాడు. కుడిచేతిలోని పాయ జారింది. మళ్లీ తీసుకున్నాడు, మళ్లీ జారింది. మూడోసారి పాయ జారిపోయాక కూడా అతని వేళ్లు పట్టుకున్నట్టే మూసుకుని ఉన్నాయి.

ఫోను నీలవేణి చేతిలోనే ఉంది. షఫీ నెంబరు ఒక్క బొత్తాం దూరం.

గౌరీశ్వర్ తలెత్తి ఆమెను చూశాడు.

"నూనె ఎక్కువైంది," అన్నాడు. "జుట్టు జారిపోతోంది."

"అవును," అంది నీలవేణి. "నూనె ఎక్కువే. ఇటివ్వండి, నేను వేస్తాను."

ఫోను బల్లమీద పెట్టింది. సాయంత్రం తరళ బడిలో పాటల పోటీ ఉంది. తండ్రి వస్తాడని తరళ క్లాసంతా చెప్పుకుంది. సాయంత్రం అయ్యాక చెబుదాం అనుకుంది నీలవేణి. ఒక్క పాయ జారితే గుర్తని ఎందుకనుకోవాలి అని కూడా అనుకుంది. అది నిజం కాదని తన పద్నాలుగేళ్ల చదువూ చెబుతోంది.

పాటల పోటీలో అతను ఎడమచేత్తో తొడ మీద తాళం వేశాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. తరళకి రెండో బహుమతి వచ్చింది. వచ్చేటప్పుడు దారిలో ఆగి ముగ్గురూ బజ్జీలు తిన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆమె ఫోను చెయ్యలేదు. భుజానికి తల ఆనించి, అతని ఊపిరి వింటూ పడుకుంది. ఆ ఒక్కసారి మాత్రం ఆమె దేన్నీ తూచలేదు.

మర్నాడు పొద్దున అతను మంచం దిగబోయి కూలబడ్డాడు. "వే..." అన్నాడు. తర్వాతి అక్షరం రాలేదు.

పావుతక్కువ గంటలో సూది పడింది. కానీ మౌని పని మొదలుపెట్టడానికి రోజులు పడుతుంది. లోపలికి దూరిన కణాలు ఈలోగా చెయ్యాల్సింది చేశాయి. ఆరు వారాల తర్వాత లెక్క తేలింది. మాట తిరిగొచ్చింది, నెమ్మదిగా, వెతుక్కుంటూ. కాళ్లు ఫరవాలేదు. కుడిచెయ్యి భుజం నుంచి కిందికి పోయింది. అది ఇక రాదు.

"ఎనిమిదో రోజు పొద్దునే చేసి ఉంటే?" అని షఫీని అడిగింది నీలవేణి. అతను ఆమె వైపు చూడకుండా, "చెయ్యి దక్కి ఉండేదేమో," అన్నాడు. "కచ్చితంగా చెప్పలేను. కానీ, దక్కేదేమో."

అప్పుడు ఆమె చెప్పేసింది. జడ సంగతి, ఫోను సంగతి, అన్నీ. షఫీ సొరుగులోంచి ప్రయోగ నివేదిక తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది నేను రాయలేను. మీరే రాయండి."

నివేదికలో గడులున్నాయి. మొదటి గుర్తు కనిపించిన సమయం. రాసింది. తెలియజేసిన సమయం. రాసింది. ఆలస్యం: ఇరవైమూడు గంటలు. ఆలస్యానికి కారణం అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. కాగితాలు పట్టుకుని అద్దం దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"మీ చెయ్యి నేను పోగొట్టాను," అంది మైకులో. "ఆ పొద్దున నాకు తెలుసు."

గౌరీశ్వర్ అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు, ఎడమచేత్తో.

"నాకూ... తెలుసు," అన్నాడు. ఒక్కొక్క మాటా ఏరుకుంటున్నాడు. "ముందు రోజు నుంచే. చెంచా... బరువనిపించింది."

నీలవేణి తలెత్తింది. "ఏడో రోజునా? మరి చెప్పలేదేం?"

"నువ్వెందుకు... చెప్పలేదు?"

ఆమెకి కోపం వచ్చింది, అతని మీద, ప్రాణం పోయేంత కోపం. అది అలాగే వచ్చి, అలాగే కరిగింది. ఆమె గడిలో రాసింది: 'ఇంకొక్క రోజు కావాలనిపించింది. రోగికి కూడా.' కింద సంతకం చేసింది.

కమిటీలో ఆ వాక్యం బయటికి చదివారట. తర్వాత అధ్యక్షుడు, ఇకమీద కుటుంబసభ్యులు కనిపెట్టి చూసే పని చెయ్యరాదని నిబంధన రాయించాడు. నీలవేణిని ఆ ప్రయోగం నుంచి తప్పించారు. ల్యాబులో పని ఉంచారు. ఆమె దేనికీ వాదించలేదు.

ఆ ఏడాది మౌని మీద ఇంకో నలుగురు వచ్చారు, అద్దం గదులు ఐదయ్యాయి. వాళ్లలో పార్వతీపురం కాలేజీలో పాఠాలు చెప్పే ఎస్తేరు రాణి అనే ఆమెని మొదటగా ఇంటికి పంపించారు. ఆమె వెంట ఒక నర్సు వెళ్లింది. ఏడో రోజు ఎస్తేరు ఒక పేరు మర్చిపోయింది. గంటలో తీసుకొచ్చేశారు. ఏ నష్టమూ జరగలేదు. నివేదిక శుభ్రంగా ఉంది.

వారం తర్వాత ఎస్తేరు అద్దం ముందునుంచి వెళ్తున్న నీలవేణిని పిలిచింది.

"మీరేగా మేడమ్, ఒక రోజు ఆపినవాళ్లు?"

నీలవేణి తల వంచింది. "అవునమ్మా. అందుకే మీకీ నిబంధన పెట్టారు. మీరు క్షేమంగా ఉన్నారు."

"క్షేమంగానే ఉన్నాను. మా అబ్బాయి మర్నాడు దిగేవాడు, ఓడ మీద పనిచేస్తాడు. నర్సమ్మ కాళ్లు పట్టుకున్నాను మేడమ్, ఒక్క పూట ఉంచమని. వినలేదు. మంచిపనే చేసింది, నాకు తెలుసు." ఎస్తేరు అద్దం మీది మరకని కొంగుతో తుడిచింది. "మీకా రోజు దొరికింది. ఎలా ఉందది?"

నీలవేణి జవాబు చెప్పడానికి ప్రయత్నించింది. బజ్జీలు తిన్నామని చెప్పింది. అమ్మాయికి రెండో బహుమతి వచ్చిందని చెప్పింది. ఎస్తేరుకి అదే చాలినట్టు, తల ఊపుతూ వింది.

గౌరీశ్వర్ రెండోసారి బయటికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. వద్దని షఫీ అన్నాడు, నీలవేణి కూడా అంది. ఈసారి ఏడు రోజులే ఇస్తామని, ప్రతి పూటా పరీక్ష ఉంటుందని కమిటీ అంది. అన్నింటికీ సరేనని ఎడమచేత్తో వంకర సంతకం చేశాడు.

తలుపు తీసే ముందు నర్సు బొమ్మల పలక పట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది. మొదటి పరీక్ష. వేళ్లు కదపాలి, బొమ్మల పేర్లు చెప్పాలి, వెలుగు వెనక చూపు తిప్పాలి. నీలవేణి అలవాటుగా ఒక అడుగు ముందుకేసింది. అతని ఎడమచెయ్యి బొటనవేలు ఏ కోణంలో ఉందో అప్పుడే చూసేసింది.

"మేడమ్, మీరు..." అంది నర్సు మొహమాటంగా.

"తెలుసు."

ఆమె వెనక్కి తిరిగి మెట్లు దిగింది. కిందికెళ్లి కారు తలుపులు తీసి, ఎండకి కాలుతున్న సీటు మీద తువ్వాలు పరిచింది. తరళ ముందుసీట్లో కూర్చుని ఫోన్లో ఏదో పాట పెట్టింది. నీలవేణి కారుకి ఆనుకుని, చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడింది. పావుగంట పట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆమె ఆ అడుగుల్ని లెక్కపెట్టలేదు. అతను వచ్చి పక్కన నిలబడ్డాక, పరీక్ష ఎలా జరిగిందని అడక్కుండా, చెయ్యి పట్టుకుంది.